తెల్లగీత

ఏసుపాదం ఎవరింటికి వెళ్లినా, మంచినీళ్లు కూడా తాగకముందే ఆ ఇంట్లోవాళ్ల కింది కనురెప్ప లాగి చూసేవాడు. లోపల ఎర్రగా ఉంటే "బాగానే ఉన్నావు" అని వదిలేసేవాడు, పాలిపోయి ఉంటే ఆకుకూర తినమని చెప్పేవాడు. పెళ్లిచూపులకు వెళ్లి అక్కడ కూడా పిల్ల కనురెప్ప మీద చెయ్యి వెయ్యబోయాడనీ, ఆ సంబంధం అందుకే తప్పిపోయిందనీ బంధువుల్లో ఒక కథ ఉండేది. నిజమో కాదో ఎవరూ అడగలేదు. ఏసుపాదం కాబట్టి నిజమే అయ్యుంటుందని అందరూ నమ్మారు. విజయవాడలో ఒక మిషను ఆసుపత్రి ల్యాబులో ఏళ్ల తరబడి రక్తాలూ ఉచ్చలూ పరీక్ష చేస్తూ బతికిన మనిషికి, పాపం, పలకరించడం అలాగే వచ్చింది.

అతనికి ఉన్నదల్లా చెల్లెలు రూతు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి దానమ్మ ఏసుపాదం హైస్కూల్లో ఉండగా పోయింది. కడుపు కుండలా ఉబ్బి, కళ్లు పసుపుముద్దలై, పసరు మందు ఎన్నిసార్లు పోసినా నిలవక పోయింది. అప్పటినుంచీ చెల్లెల్ని అతనే సాకాడు, చదివించాడు, గన్నవరం అవతల పల్లెలో మిషను బడి పంతులు లాజరుకిచ్చి పెళ్లి చేశాడు. తన పెళ్లి మాటెత్తితే మాత్రం "చూద్దాంలే" అనేవాడు.

రూతు తొలికాన్పులో బిడ్డ దక్కలేదు, తల్లి కూడా అవతలి గట్టు దాకా వెళ్లివచ్చింది. రక్తం చాలా పోయింది. ఆమెది ఓ గ్రూపు అనుకుని ఓ గ్రూపు వాళ్లను ఎంతమందిని తెచ్చినా, ఎవరి రక్తంతో కలిపి చూసినా విరిగిన పాలలా గడ్డలు కట్టేది. చివరికి ఎవరి రక్తమూ ఎక్కించకుండానే, మిషను ఆసుపత్రి డాక్టరమ్మ శివపార్వతిగారి చేతి చలవతో బతికింది. తర్వాత ఆమె రక్తం గుంటూరు పంపితే అక్కడి ప్రొఫెసరు రామకోటేశ్వరరావుగారు సంగతి తేల్చారు. అది ఓ గ్రూపు కాదు. చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ బొంబాయి గ్రూపు. వేలల్లో ఒక్కరికి ఉండేది. మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో ఎక్కడో ఇలా బయటపడుతుంది. దానమ్మ చేసుకున్నది సొంత మేనమామనే. ఆ గ్రూపు వాళ్లకు ఆ గ్రూపు వాళ్లే రక్తం ఇవ్వాలి, ఇంకొకరిది ఒంట్లోకి వెళితే మనిషి దక్కదు.

ఏసుపాదం రక్తం కూడా అదేనని తేలిన రోజున అతను ఆసుపత్రి వరండాలో అందరికీ టీ ఇప్పించాడు. "మా చెల్లెలికి దేవుడు నన్ను స్పేరు పార్టు కింద పుట్టించాడండీ" అని డాక్టరమ్మతో అన్నాడు. జన్మలో ఒక్కసారి గర్వపడ్డాడేమో, అది అప్పుడే.

డెబ్బై ఆరులో ప్రొఫెసరుగారే అతన్ని పిలిచి, రోగనిర్ధారణ పద్ధతుల్లో ఏడాది పైచదువులో చేర్చుకున్నారు. అనుభవం ఉన్న ల్యాబువాళ్లకు కొత్త పరీక్షలు నేర్పే చదువు అది. వారమంతా గుంటూరు, ఆదివారం బ్యారేజీ దాటి చెల్లెలి ఊరు. ఆ గుంటూరు ల్యాబు ఐసుపెట్టెలో రూతు సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే తేటనీరు, ఒక ట్యూబునిండా భద్రంగా ఉండేది. "ఇది బంగారమయ్యా. ఓ గ్రూపులో దాక్కున్న బొంబాయివాణ్ణి పట్టివ్వాలంటే ఈ చుక్కే కావాలి" అనేవారు ప్రొఫెసరుగారు. రోగి పేరున్న చీటీ పీకేసి రసాయనం పేరు అంటించారు. దాంతో అది మిగతా మందుసీసాల్లో ఒకటైపోయింది. మందుసీసాకు రోగముందేమోనని ఎవరు చూస్తారు?

కొత్తగా నేర్పిన పరీక్షల్లో ఒకటి కామెర్లది. అన్ని కామెర్లూ ఒకటి కావనీ, కొన్ని రక్తం ద్వారా అంటుకుంటాయనీ, ఆ విషం ఒంట్లో ఉన్నా ఏళ్ల తరబడి మనిషి దుక్కలా తిరగొచ్చనీ అప్పుడప్పుడే బయటపడుతున్న రోజులు. పరీక్ష చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. గాజుపలక మీద సముద్రపు నాచు జెల్లీ పోసి, గడ్డకట్టాక మధ్యలో ఒక గుంట, చుట్టూ కొన్ని గుంటలు తియ్యాలి. మధ్యగుంటలో ఆ విషాన్ని పట్టే మందు, చుట్టూ గుంటల్లో మనుషుల సీరాలు. పలకను తడిగుడ్డ పరిచిన డబ్బాలో పెట్టి మర్నాటిదాకా ఆగాలి. విషం ఉన్న సీరానికీ మధ్యగుంటకీ నడుమ జెల్లీలో తెల్లటి సన్నగీత తేలుతుంది, మగ్గం మీద దారప్పోగులాగా.

ఏ పరీక్షకైనా ఇద్దరు సాక్షులు కావాలి. రోగం ఉందని ఖాయంగా తెలిసిన నమూనా ఒకటి, లేదని ఖాయంగా తెలిసిన నమూనా ఒకటి. లేనివాడి కోసం ల్యాబువాళ్లు ఊళ్లో వెతుక్కోరు, సూది తీసుకుని తమ చెయ్యే పొడుచుకుంటారు. చేతికందే రక్తం అది, కాఫీ కూడా అడగదు. ఏసుపాదం ఉద్యోగంలో చేరినప్పటినుంచీ అన్ని పరీక్షల్లోనూ రోగం లేనివాడు ఏసుపాదమే. ఈ పరీక్షకూ అలవాటుగానే తన సీరం పోశాడు.

పొద్దున్నే పలక తీసి దీపానికి ఎదురుగా పెట్టాడు. రోగం ఉన్నవాడి గుంట ముందు గీత ఉంది. బాగానే ఉంది. రోగం లేనివాడి గుంట ముందు కూడా ఉంది.

గుంటలు తారుమారయ్యాయనుకున్నాడు. మళ్లీ చేశాడు. మందు చెడిపోయిందనుకుని మూడోసారి చేశాడు. ప్రతిసారీ ఆ గీత వచ్చి కూర్చుంది. చివరికి పలక పట్టుకుని ప్రొఫెసరుగారి గదికి వెళ్లాడు. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశారు.

"ఎవరిదయ్యా ఇది?"

"నాదేనండీ."

ఆయన కుర్చీ చూపించారు. ఏసుపాదం కూర్చోలేదు. "ఎలా వచ్చిందంటారండీ?" అని అడిగాడు.

"సీరం నోటితోనేగా పీలుస్తాం గొట్టంలోకి! ఎప్పుడైనా నోట్లోకి పోయిందా?"

"ఎన్నిసార్లు పోయిందో లెక్కేముందండీ. ఉమ్మేసి నోరు కడుక్కునేవాణ్ణి."

"అదే అయ్యుంటుంది. నిన్నేమీ చెయ్యకపోవచ్చు, భయపడకు. కానీ నీ రక్తం ఎవరికీ ఇవ్వకు. ఎవరికిస్తే వాళ్లకు అంటించినట్టే."

అప్పటికి రూతుకు మళ్లీ అయిదో నెల.

తనకేమవుతుందోనని అతను ఒక్క పూట కూడా ఆలోచించలేదు. తనకు అన్నం పెడుతున్న ఉద్యోగమే నోట్లో విషం పోసిందనీ, చెల్లెలి కోసం దేవుడు దాచిన ఒక్కగానొక్క సీసాను తను చేజేతులా పాడుచేశాడనీ, అదే బాధ. ఇంకా దారుణం, ఏడోనెలలో శివపార్వతిగారు చూసి మాయ అడ్డంగా ఉందన్నారు. "కాన్పులో రక్తం పోతుంది. పోదేమో అనుకోవడానికి లేదు. ఏసుపాదం, ఈసారి నువ్వు పక్కనే ఉండాలి" అన్నారు. రూతు నవ్వుతూ అన్నవైపు చూసింది. అతను తల ఊపాడు.

ఇక వేట మొదలుపెట్టాడు. ఈ డెల్టాలో ఎక్కడో ఒకచోట ఇంకొక బొంబాయి గ్రూపు మనిషి ఉండకపోడు. తన సీరం ముట్టుకోవాలంటేనే ఒళ్లు జలదరించేది, అందుకని ప్రొఫెసరుగారిని అడిగి రూతు సీరం కొంచెం ఫ్లాస్కులో ఐసుముక్కల మధ్య పెట్టుకుని తిరిగాడు. తెల్ల పింగాణీ పలక మీద ఎదుటివాడి వేలి రక్తం ఒక చుక్క, రూతు సీరం ఒక చుక్క. గడ్డలు కట్టకపోతే ఆ మనిషి దొరికినట్టే. ముందు బంధువులందరినీ పొడిచాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గుడి వసారాలో బల్ల వేసుకుని ఊరినంతా పొడిచాడు. పాస్టరుగారు మొదట వేలు చాపారు గానీ సూది చూశాక ఒక కీర్తన ఎత్తుకున్నారు. "ఏంటయ్యా ఏసుపాదం, దేవుడి రక్తం చాలక మా రక్తం కూడానా?" అని సంపూర్ణమ్మ అనే ముసలావిడ అంటే అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు. ప్రతి చుక్కా గడ్డ కట్టింది.

వన్ టౌన్‌లో గోడౌన్ల దగ్గర రిక్షా తొక్కేవాళ్లను, మూటలు మోసేవాళ్లను బతిమాలాడు. కొందరు వేలిచ్చారు, కొందరు కుటుంబ నియంత్రణ వాళ్లు పంపిన మనిషనుకుని మూట వదిలేసి పరిగెత్తారు. ఎమర్జెన్సీ రోజులవి. ఒకడు తోపుడుబండి కింద దూరి ఎంత పిలిచినా బయటికి రాలేదు. ఏసుపాదం ఆ బండి పక్కనే మట్టిలో చతికిలబడి, "నాయనా, నీకేం చెయ్యను, ఒక్క చుక్క, మా చెల్లెలు చచ్చిపోతుంది" అని ఏడ్చాడు. వాడు జాలిపడి కింద నుంచే వేలు చాపాడు. వాడిదీ గడ్డ కట్టింది.

నెలలు నిండకముందే, ఒక వానాకాలం మధ్యాహ్నం, లాజరు టాక్సీలో రూతును మిషను ఆసుపత్రికి తీసుకొచ్చాడు. టాక్సీ సీటంతా రక్తం. గుంటూరుకు ఫోను చేస్తే ఏసుపాదం తడిసిన బట్టలతోనే వచ్చిపడ్డాడు. అప్పటికి ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. పిల్ల ఏడుస్తోంది. తల్లి పెదాలు గోడ సున్నంలా ఉన్నాయి.

శివపార్వతిగారు చేతులు కడుక్కోకుండానే బయటికి వచ్చారు. "పడుకో. సీసా సిద్ధంగా ఉంది."

"నేను ఇవ్వకూడదండీ" అన్నాడు ఏసుపాదం.

పక్కనున్న లాజరు బిత్తరపోయాడు. "బావా, ఏంటి నువ్వనేది? దానికి నువ్వు తప్ప ఎవరున్నారు?"

ఏసుపాదం డాక్టరమ్మను పక్కకు తీసుకెళ్లి రెండు ముక్కల్లో చెప్పాడు. ఆవిడ విన్నారు. ఆవిడకు ఆ పరీక్ష గురించి తెలుసు. "కామెర్లు వస్తే రెండు మూడు నెలలకు వస్తాయి. చాలామంది తేరుకుంటారు. నువ్వివ్వకపోతే ఇది సాయంత్రానికి ఉండదు. రెండు మూడు నెలల తర్వాతి సంగతి గురించి ఏడవడానికైనా మనిషి ఉండాలి కదా! ఏది కావాలో నువ్వే చెప్పు."

ఆ మాట అతని నోటివెంటే రావాలని ఆవిడకెందుకు అనిపించిందో! ఏసుపాదం చొక్కా చెయ్యి మడిచి బల్ల మీద పడుకున్నాడు. గాజుసీసాలోకి తన రక్తం దిగుతుంటే, కడివెడు పాలలోకి తనే విషం కలుపుతున్నట్టుగా చూశాడు. ఒక సీసా నిండాక రెండోది కూడా తియ్యమన్నాడు. "విషం ఎటూ పోస్తున్నాం, బతికేంతన్నా పోద్దామండీ" అన్నాడు. తియ్యకూడదని తెలిసీ ఆవిడ తీశారు.

రూతు బతికింది. మర్నాడు కళ్లు తెరిచి, "అన్నయ్యా, నీ రక్తం ఎక్కాక నాకూ అందరి కనురెప్పలూ లాగాలనిపిస్తోంది" అంది. లాజరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఏసుపాదం బయటికి వెళ్లి కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు.

బాలింతను భయపెట్టవద్దని డాక్టరమ్మ అన్నారు, అతనూ చెప్పలేకపోయాడు. పిల్లకు అమ్మమ్మ పేరే పెట్టారు, దానమ్మ అని. ప్రతి ఆదివారం అతను వెళ్లేవాడు, గుమ్మంలో చెప్పులు విడిచి నేరుగా రూతు కనురెప్ప పట్టుకునేవాడు. ఇదివరకు ఎరుపు కోసం చూసేవాడు, ఇప్పుడు పసుపు కోసం చూస్తున్నాడు. ఆ తేడా ఆమెకేం తెలుసు? "వారానికోసారి కళ్లు చూపించి అన్నయ్య దగ్గర పాసవ్వాలి" అని ఇరుగమ్మలతో వేళాకోళం ఆడేది. ఒక ఆదివారం అతను వెళ్లేసరికి ముఖమంతా పచ్చగా ఉంది. గుమ్మం పట్టుకుని కూలబడిపోయాడు. పక్కింటావిడ నలుగు పెట్టి పసుపు పూసిందట, ఇంకా స్నానం చెయ్యలేదట. "ఇంత భయమేంటన్నయ్యా నీకు?" అంటూ మజ్జిగ కలిపి తాగించింది.

వర్షాలు వెళ్లి చలి వచ్చింది. రూతు ఒళ్లు చేసింది. ఏసుపాదం చిక్కి సగమయ్యాడు. నిద్ర లేదు, తిండి లేదు, పరీక్షలు దగ్గరికొస్తున్నా పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడవు. చెల్లెల్ని చంపి, దానిచేతే దండం పెట్టించుకుంటున్నానన్న ఆలోచన ఒక్కటే తిరిగేది.

ఆ చలికాలంలోనే ల్యాబుకు కామెర్ల పరీక్ష మందు కొత్త సీసా వచ్చింది. దాన్ని సరిచూసే పని ప్రొఫెసరుగారు ఏసుపాదానికి అప్పగించారు. రోగం ఉన్నవాడి గుంటలో ఈసారి తన సీరమే పోశాడు. ఆ పదవి ఖాయంగా తనదే. మరి లేనివాడి గుంటలో? తోటి విద్యార్థులను అడగడానికి మనసొప్పలేదు. తనలాగే వాళ్లకూ ఏం బయటపడుతుందో! ఐసుపెట్టెలో వెతికితే రూతు సీరం ట్యూబు అడుగున కొంచెం మిగిలి కనపడింది. తన రక్తం ఎక్కించకముందు ఎప్పుడో తీసింది. తను పాడుచెయ్యని చెల్లెలు ఈ లోకంలో ఎక్కడైనా మిగిలి ఉంటే, ఆ ట్యూబు అడుగునే. అంతకంటే శుభ్రమైనది దొరకదనుకుని ఆ చుక్కను తన గుంట పక్క గుంటలో పోశాడు.

పొద్దున పలక తీశాడు. తన గుంట ముందు గీత. రూతు గుంట ముందు గీత. రెండూ పక్కపక్కనే సాగి, మధ్యలో ఎక్కడా తెగకుండా ఒకే వంపుగా కలిసిపోయాయి. అలా కలిస్తే రెండింట్లో ఉన్నదీ ఒకే విషమని పాఠంలో చెప్పారు.

అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక పెద్దగా నవ్వాడు. తను చెయ్యలేదు! తన సీసా ఎక్కకముందే ఉంది దానికి! తోటివాళ్లు తలెత్తి చూశారు. ఇన్ని నెలలుగా గుండె మీద కూర్చున్న బండ దిగిపోయింది. ఊరూరా తిరిగి వెతికినప్పుడు చంకలో ఉన్న ఫ్లాస్కులోనే ఇదంతా ఉందని, ఎవరి రక్తంలో ఏముందో చూసిన తను ఆ చుక్కను మాత్రం చూడలేదని తలుచుకుని మళ్లీ నవ్వాడు.

ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. రూతు ఏనాడూ ల్యాబులో పనిచెయ్యలేదు, నోటితో గొట్టం పీల్చలేదు. మరి దానికెలా వచ్చింది? ఇద్దరికీ ఒకే విషం వచ్చేచోటు ఏదుంది? పసుపుముద్దల్లాంటి రెండు కళ్లు అతనికి గుర్తొచ్చాయి.

ప్రొఫెసరుగారి గదికి వెళ్లి పలక బల్ల మీద పెట్టాడు. "తల్లి నుంచి బిడ్డలకు వస్తుందాండీ ఇది?"

"వస్తుందని ఈమధ్యే అంటున్నారయ్యా. కాన్పులోనో, ఎప్పుడో. ఇంకా పూర్తిగా తేలలేదు."

"పాలల్లో?"

"తెలియదు."

"మందేమన్నా ఉందాండీ?"

ఆయన పలకవైపు చూస్తూ, లేదన్నట్టు తల ఆడించారు.

ఆదివారం ఏసుపాదం గన్నవరంలో బస్సు దిగి నడిచాడు. రూతు వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అన్నను చూసి చేట పక్కన పెట్టి, అలవాటుగా ముఖం పైకెత్తి కళ్లు పెద్దవి చేసింది. అతను ఆమెను దాటి లోపలికి వెళ్లాడు.

"ఇవాళ నా కళ్లు చూడవేంటన్నయ్యా?" అంటూ వెనకే వచ్చింది.

అతను ఉయ్యాలలోంచి పిల్లను ఎత్తుకుని వెలుగులోకి, గుమ్మం దగ్గరికి తెచ్చాడు. చూపుడువేలుతో మెల్లగా కనురెప్ప కిందికి లాగాడు. పిల్ల బోసినోటితో నవ్వింది.

"బాగానే ఉన్నాయా?" అంది రూతు.

"బాగానే ఉన్నాయమ్మా."

పసుపు లేదు, తెల్లగానే ఉన్నాయి. అమ్మ కళ్లు కూడా పోయేముందు ఏడాది దాకా తెల్లగానే ఉన్నాయి. రూతువి తెల్లగానే ఉన్నాయి, తనవీ తెల్లగానే ఉన్నాయి. అతను ఇంకో కన్ను చూశాడు. పిల్ల నవ్వు మాని పెదవి విరిచింది, ఆకలి ఏడుపు అందుకుంది.

"ఇటివ్వు అన్నయ్యా, పాలవేళయింది" అని రూతు చేతులు చాపింది.

అతను ఇవ్వలేదు. పిల్లను గుండెలకు అదుముకుని అలాగే నిలబడ్డాడు. ఇస్తే ఏమవుతుందో తెలియదు. ఇవ్వకపోతే పిల్ల ఏమవుతుందో తెలుసు. రూతు అన్న ముఖంలోకి చూసింది, ఆమె నవ్వు కూడా ఆగిపోయింది.

"ఏమైందన్నయ్యా? అది ఏడుస్తోంది."

ఏసుపాదం పిల్లను తల్లి చేతుల్లో పెట్టాడు. రూతు అక్కడే గోడకు చేరగిలబడి కూర్చుని, పైట చాటున పాలిచ్చింది. ఏడుపు ఆగింది. అతను చెల్లెలి పక్కన నేలమీద కూర్చుని, అమ్మ పోయేముందు ఎలా ఉండేదో గుర్తుందా అని అడిగాడు.